చక్కెర సీసా, ఉప్పు సీసా

మత్తు డాక్టరు మొహం రోగికి గుర్తుండదు. గుర్తుండకపోవడమే మా పనితనానికి రుజువని మాలో మేము చెప్పుకొని సంతోషపడుతుంటాం. వేరే దారి లేనప్పుడు మనిషి ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఈ మూడూళ్ళ మధ్య నా సర్వీసంతా కారు సీట్లోనే అరిగిపోయింది. పొద్దున ఒక ఊళ్ళో కాన్పు ఆపరేషన్, మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో విరిగిన తొడ ఎముక, వారానికి రెండు రోజులు సూర్యాపేటలో కంటి దవాఖాన. ఆపరేషన్ బాగా జరిగితే సర్జన్ హస్తవాసి. తేడా వస్తే మత్తు ఎక్కువైంది. ఈ న్యాయం ముందే తెలిసినవాళ్ళే ఈ వృత్తిలోకి రావాలి. మీలో ఎవరైనా వచ్చే ఆలోచనలో ఉంటే, ఆ కంటి దవాఖానలో రెండు సెలైన్ సీసాల మధ్య జరిగిన మహాయుద్ధం సంగతి ఒకటి చెబుతాను, వినండి.

ముందు కొంచెం పాఠం తప్పదు. నీటికాసులు అనే జబ్బులో కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి, లోపల ప్రెషర్ పెరుగుతుంది. పెరిగిన ప్రెషర్ కంటి నరాన్ని నలిపి నలిపి చూపును చంపేస్తుంది. మందు చుక్కలకు లొంగకపోతే ఆపరేషన్ చేసి నీటికి కొత్త దారి పెట్టాలి. అయితే అంత ప్రెషర్ మీదున్న కన్నును ఉన్నట్టుండి కోస్తే, మూత తీసిన సోడా బుడ్డిలా లోపలిదంతా పైకి తన్నుకొస్తుంది. ఒక్కోసారి లోపలే రక్తం చిమ్మి కన్ను అక్కడికక్కడే పోతుంది. అందుకని కోసే ముందు నరానికి ఒక సీసా ఎక్కించి, కంట్లోని నీటిని రక్తంలోకి లాగేసి, ప్రెషర్ దించుతారు. ఆ సీసా ఎక్కించి, రోగిని కనిపెట్టుకొని ఉండటం నా పని.

ఏ సీసా ఎక్కించాలన్నదే గొడవ.

ఆ దవాఖానను సూర్యాపేట ధాన్యం వ్యాపారుల కమిటీ ఒకటి నడిపేది. పేదలకు ఉచితం. మంగళవారం మిర్యాలగూడ నుంచి పెద్దాయన వచ్చి ఆపరేషన్లు చేసేవాడు. వయసు అరవై దాటింది, ఆ చుట్టుపక్కల మూడు తరాల కళ్ళు ఆయన చేతి మీదుగా వెళ్ళాయి. శుక్రవారం కోదాడ నుంచి చిన్నాయన వచ్చేవాడు. నలభై దాటలేదు. ఒకప్పుడు పెద్దాయన దగ్గరే చేరి కత్తి పట్టడం నేర్చుకున్నాడు. తర్వాత కోదాడలో సొంత బోర్డు పెట్టాడు. బోర్డు పెట్టినందుకు పెద్దాయనకు కోపం లేదట. ప్రారంభానికి పిలిచిన కార్డులో తన పేరు రెండో వరసలో వేసినందుకూ కోపం లేదట. లేదని ఆయన నాకు చాలాసార్లు చెప్పాడు.

పెద్దాయనకు మానిటాల్ తప్ప ఇంకోటి ఎక్కదు. అది చక్కెర జాతికి చెందిన మందు. మా దగ్గర చలికాలంలో సీసాలో పలుకులు కడుతుంది, వేడినీళ్ళలో పెట్టి కరిగించి ఎక్కించాలి. చిన్నాయనది గాఢమైన ఉప్పునీటి సెలైన్. ఏదో కాన్ఫరెన్స్‌కు వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి ఆయనకు మానిటాల్ అనే మాట వింటేనే జాలి.

"నా దగ్గర కత్తి పట్టుడు నేర్సుకున్నడు. ఇయ్యాల నాకే ఉప్పు సంగతి చెప్తున్నడు" అనేవాడు మంగళవారం పెద్దాయన.

"సార్ అంటే నాకు దేవుడితో సమానం మేడం. కాకపోతే ఆయన పుస్తకం మూసి చాలా కాలమైందండీ" అనేవాడు శుక్రవారం చిన్నాయన.

ఈ ఇద్దరి మాటలూ వినే భాగ్యం వారానికి రెండు రోజులూ అక్కడుండే నా ఒక్కదానికే దక్కింది.

ఇంతలో కమిటీ అధ్యక్షుడు రంగంలోకి దిగాడు. ఆయనకు రైస్ మిల్లు ఉంది. మంచి మనిషి, ధర్మాత్ముడు, దేన్నైనా గుప్పిట్లో పోసుకొని చూసి ధర చెప్పగలిగినవాడు. రెండు రకాల సీసాలు ఎందుకు తెప్పించాలన్నది ఆయన ప్రశ్న.

"వడ్లకు గ్రేడు ఉన్నట్టు మందుకు గ్రేడు ఉండదా డాక్టరమ్మా? రెండిట్ల ఏది ఏ-గ్రేడో జర తేల్చుండ్రి. ఇగ గదొక్కటే తెప్పిద్దాం."

అలా నేను అంపైర్‌నయ్యాను. మంగళవారం రోగులకు చక్కెర, శుక్రవారం రోగులకు ఉప్పు. ఎక్కించక ముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి కంటి ప్రెషర్ చూడాలి. శాస్త్రం అంటే ఇంత సులువా అని నాకే ఆశ్చర్యం వేసింది. కొన్ని వారాలకే ఫలితాలు వచ్చాయి. మంగళవారాల్లో మానిటాల్ ఘనంగా గెలిచింది. శుక్రవారాల్లో ఉప్పు అంతకంటే ఘనంగా గెలిచింది. ఎవరి సీసా ఎక్కించిన రోజు వాళ్ళే మిషన్ పట్టుకొని ప్రెషర్ చూస్తున్నారన్న చిన్న విషయం తప్ప, ఆ పరిశోధనలో వంక పెట్టడానికేమీ లేదు.

సరే, ఒక పని చేద్దామన్నాను. పెద్దాయన రోగుల ప్రెషర్‌ను చిన్నాయన చూడాలి, చిన్నాయన రోగులది పెద్దాయన, అందుకోసం ఒకరి రోజున ఇంకొకరూ రావాలి. ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. పెద్దమనుషులు కదా. ఆ వారం నుంచి రెండు సీసాలూ ఓడిపోవడం మొదలుపెట్టాయి. మానిటాల్ ఎక్కించిన కన్ను చిన్నాయన చేతిలో రాయిలా ఉండేది. ఉప్పు ఎక్కించిన కన్ను పెద్దాయన చేతిలో అంతకంటే గట్టిగా ఉండేది. ఏళ్ళుగా పడని ఇద్దరూ మొదటిసారి ఒక మాట మీదికి వచ్చారు, మిషన్ పాడైందని. మెకానిక్ వచ్చి చూసి, మిషన్ మంచిగున్నదని చెప్పి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

చివరికి మిషన్ నేనే పట్టుకున్నాను. నేను చూసినంతలో చాలామందికి రెండూ పనిచేశాయి. ఉప్పు కాస్త తొందరగా దించేది, కానీ ఎక్కేటప్పుడు చెయ్యి మండేది, ఆ తర్వాత విపరీతమైన దాహం. చక్కెర నెమ్మదిగా దించేది, కానీ మూత్రం ఎక్కువ చేసేది. ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి కంటికి గుడ్డ కప్పగానే రోగి "అమ్మా, ఒంటికి వస్తున్నది" అనేవాడు. పాపం ప్రోస్టేట్ వాచిన ముసలాయనలకైతే రాకపోవడం ఇంకో నరకం. ఇదంతా చెబితే అధ్యక్షుడు, "గట్లంటె ఎట్లమ్మా, ఒక్కటి చెప్పాలె" అన్నాడు.

ఈలోగా వార్డులో అంతకంటే పెద్ద పరిశోధన నడుస్తున్నది. ఒకటి చక్కెర జాతిదని, ఇంకోటి ఉప్పని ఎవరో నర్సు నోరు జారింది. అంతే, చక్కెర సీసా, ఉప్పు సీసా అని పేర్లు స్థిరపడిపోయాయి. ఒక రోజు నేను రౌండ్‌కు వెళ్ళేసరికి మఠంపల్లి నుంచి వచ్చిన పెద్దమనిషి మంచం మీద లేచి కూర్చున్నాడు.

"డాక్టరమ్మా, నాకు షుగర్ ఉన్నది. నాకు ఉప్పుదే పెట్టుండ్రి."

పక్క మంచం ఆయన వెంటనే అందుకున్నాడు. "నాకు బీపీ. ఉప్పు బందుపెట్టమని చెప్పిన్రు. నాకు చక్కెరదే కావాలె."

మూలన ఉన్న మూడో ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నాకు రెండు ఉన్నయి. మరి నా సంగతేంది?"

మానిటాల్ ఒంట్లో షుగర్ పెంచేది కాదని, అది వేరే చక్కెరని అరగంట చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. విన్నాక మొదటాయన, "అదంత సరేగాని అమ్మా, నాకు మాత్రం ఉప్పుదే" అన్నాడు. నవ్వకండి. ఇద్దరు సర్జన్లకు నేను అన్ని నెలలు చెప్పినప్పుడు వచ్చిన ఫలితం కూడా అదే.

సరిగ్గా ఈ దశలో ఆమె వచ్చింది.

దామరచర్ల దగ్గర కరెంటు ప్లాంటు కట్టేటప్పుడు పనికి వచ్చిన కూలీలకు అన్నం వండిపెట్టే మెస్ ఆమెది. మొదట తనూ అక్కడ ఇటుకలు మోసింది. భర్త పోయాక తట్ట దించి గరిటె పట్టింది. బిహారోళ్ళు, ఒడిశావోళ్ళు, మనవాళ్ళు, అందరూ ఆమె చేతి కూడే తిన్నారు. ఒక కన్ను నీటికాసులతోనే ఎప్పుడో పోయింది. నొప్పి లేదు కదా అని ఊరుకుందట. ఇప్పుడు రెండో కన్ను అదే దారిలో ఉంది. చెల్లెలు కోదాడలో ఉంటుందని మొదట చిన్నాయనకు చూపించుకుంది. దగ్గరని ఆ తర్వాత మిర్యాలగూడలో పెద్దాయనకు చూపించుకుంది. ఇద్దరూ ఆపరేషన్ తప్పదన్నారు, ఇద్దరూ సూర్యాపేట రమ్మన్నారు. ఎవరు చెయ్యాలన్న సమస్యను అధ్యక్షుడు రైస్ మిల్లు పద్ధతిలో తేల్చాడు. ఇద్దరినీ ఒకే రోజు రమ్మన్నాడు.

కోడలు చెయ్యి పట్టుకొని నడిపించుకొచ్చింది. నల్లగా, బలంగా, అరవైకి దగ్గర్లో ఉంది. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. మంచం మీద కూర్చుంది గానీ పడుకోలేదు. ఆమెకు అటొకరు ఇటొకరు నిలబడి డాక్టర్లిద్దరూ మొదలుపెట్టారు.

"ఒక్క కన్ను ఉన్న మనిషికి నీ ప్రయోగాలు ఎందుకయ్యా? మానిటాల్ పెట్టి చేద్దాం, ఖతం."

"బీపీ ఉందండీ సార్ ఈవిడకి. అంత మానిటాల్ ఎక్కిస్తే టేబుల్ మీద పరిస్థితి ఏంటండీ?"

"బీపీ ఉన్నోళ్ళకు ఉప్పు పెడ్తరా? యాడ చదివినవ్?"

"మీరు చదవని చోట చదివానండీ."

కోడలు భయపడి ఇద్దరి మొహాలూ చూస్తున్నది. ఆమె మాత్రం తల వంచుకొని, చివరిదాకా ఓపిగ్గా విన్నది. సందు దొరకగానే అడిగింది.

"సార్లూ, మీ ఇద్దర్ల ఎవరు గెలిస్తె నాకు కన్ను వస్తది?"

టీ తాగి రమ్మని ఇద్దరినీ బయటికి పంపాను. స్టూలు లాక్కొని ఆమె ఎదురుగా కూర్చున్నాను. నా ప్రశ్నలు మామూలువే. ఆయాసం ఉందా? లేదు. గుండె జబ్బు ఉందని ఎవరన్నా చెప్పారా? లేదు. కాళ్ళు వాస్తాయా? రోజంతా పొయ్యి దగ్గర నిలబడితే ఎవరికి వాయవు? మిగతా అన్నింటికీ జవాబు లేదనే. అలవాటు ప్రకారం ఒకసారి వెల్లకిలా పడుకోమన్నాను. పడుకోలేదు.

"ఎందుకు?"

"గట్ల పండుకుంటె ఊపిరాడది డాక్టరమ్మా. నేను గోడకు ఆనుకొనే పండుకుంట."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పోయిన వానకాలం సంది. పొయ్యి కాడ పొగ గద, గందుకేమో అనుకున్న."

"మరి ఆయాసం లేదన్నవు?"

"పండుకుంటెనే ఉంటది. నేను పండుకునేది ఎంతసేపని?"

పక్క వీధిలో ఉన్న గుండె డాక్టరు దగ్గరికి పంపాను. పరీక్ష చేసి ఆయన ఫోన్‌లోనే అరిచాడు. ఆమె గుండె సగం బలంతో కూడా కొట్టుకోవడం లేదు. చక్కెరైనా ఉప్పైనా చేసే పని ఒకటే, ఒంట్లో ఉన్న నీటినంతా రక్తంలోకి లాగడం. మంచి గుండె ఆ బరువు మోస్తుంది. ఈ గుండె మొయ్యలేదు. ఊపిరితిత్తుల్లో నీరు నిండి మనిషి బల్ల మీదే మునిగిపోతుంది. కన్ను బాగవుతుంది, చూసేవాళ్ళు ఉండరు.

అప్పటికి మూడో టీ ముగించి వచ్చిన ఇద్దరికీ ఈ సంగతి చెప్పాను. "చూసినవా, నీ ఉప్పు పెడితే ఏమైతుండె?" అన్నాడు పెద్దాయన. "మీ మానిటాల్ అయితే ఏమయ్యేదండీ?" అన్నాడు చిన్నాయన. ఆ మాట అన్నాక ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగారు.

ఆమెను వార్డులోనే ఉంచాం. గుండె డాక్టరు మందులిచ్చి ఒంట్లో నీరు తీయించాడు. ఆయాసం తగ్గింది, వీపు కింద పెట్టుకునే దిండ్లు తగ్గాయి, పూర్తిగా పడుకోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు. కంటికి చుక్కలు, మాత్రలు అన్నీ వాడాం. ప్రెషర్ కొంత దిగింది. దిగాల్సినంత దిగలేదు. ఇంకా ఆగితే చూపు ఆగదు. ఆమెకు కనబడే మేర రోజురోజుకూ కుంచించుకుపోతున్నదని నేను చూస్తూనే ఉన్నాను. ఎదురుగా పెట్టిన పళ్ళెంలో మధ్యన ఉన్న అన్నం కనబడేది, పక్కనున్న కూర కనబడేది కాదు.

ఉన్నది ఉన్నట్టు ఆమెకు చెప్పాను. సీసా పెడితే గుండెకు ప్రమాదం. పెట్టకుండా కోస్తే కంటికి ప్రమాదం. కొయ్యకపోతే కన్ను ఎలాగూ ఉండదు. కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె కాసేపు ఆలోచించింది.

"గంజి వార్చేటప్పుడు ఆవిరి ఎటు పోతున్నదో కనబడితె సాలు నాకు. మొన్న చెయ్యి కాలింది." మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా చూపించబోయి, ఏ చెయ్యో మర్చిపోయినట్టు రెండూ చాపింది. కుడిచేతి మీద పెద్ద మచ్చ ఉంది. "సీసా లేకుంటె ఎట్ల కోస్తరు?"

"మెల్లగ. చుక్క చుక్క నీళ్ళు తీసుకుంట."

"మెల్లగనె కొయ్యిండ్రి. నాకేం బస్సు పోతలేదు."

ఇక ఎవరు కొయ్యాలి? ఆమెను సగం కూర్చోబెట్టి చెయ్యాలి. మైక్రోస్కోప్ ఆ వాలుకు రాదు. కళ్ళజోడులా పెట్టుకునే పాతకాలపు భూతద్దాలతో, నిలబడి చెయ్యాలి. చిన్నాయన చదువుకునే నాటికే అవి మ్యూజియంలోకి వెళ్ళిపోయాయి. ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"మేడం, సార్ ఒకప్పుడు ఆ భూతద్దాల లూప్స్ పెట్టుకుని చేసేవారండీ. నేను చూశాను. ఆయన చేతిలో అయితేనే అవుద్ది. నేనడిగితే ఒప్పుకోరు, మీరు అడగండి."

పెద్దాయనను అడిగాను. "నాకు నడుం నొప్పి. అంతసేపు నిలబడుడు నా తోటి కాదు" అన్నాడు. తలుపు దగ్గర నిలబడి వింటున్న చిన్నాయన, "నేను పట్టుకుంటానండీ సార్" అన్నాడు. పెద్దాయన అతని వైపు చూడలేదు. కానీ భూతద్దాల కోసం మిర్యాలగూడకు కారు పంపాడు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే థియేటర్‌లో ఆ దృశ్యం చూస్తే శత్రువులు కూడా నవ్వేవాళ్ళు. బల్ల తలవైపు ఎత్తి, ఆమెను పడక కుర్చీలో కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాం. పెద్దాయన నుదుటి మీద భూతద్దాలు. వెనక ఎత్తు స్టూలు, దాన్ని ఆయన నడుముకు ఆనించి మోకాలితో అదిమిపట్టి, చేతులతో పనిముట్లు అందిస్తున్న చిన్నాయన. నేను కంటి పక్కన మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, మెత్తటి ప్యాడ్‌తో కన్నును సన్నగా అదిమి పట్టుకున్నాను. ప్రెషర్ దించడానికి ఆ రోజు మా దగ్గరున్న ఆయుధం నా అరచెయ్యి.

పెద్దాయన కంటి అంచున సూదిమొనంత రంధ్రం చేసి ఒక్క చుక్క నీరు బయటికి రానిచ్చాడు. ఆగాడు. మళ్ళీ ఒక చుక్క. మళ్ళీ ఆగాడు. ఆయనకు ఆగడం అంటే ఏమిటో తెలియదని అప్పటిదాకా నేననుకునేదాన్ని. గడియారం చూడలేదు, నర్సు మీద అరవలేదు. కన్ను మెత్తబడ్డాక కత్తి అందుకున్నాడు. నీటికి కొత్త దారి తీస్తూ సగం దాకా వచ్చాడు.

అప్పుడు గుడ్డ కింద ఆమె ఊపిరి మారింది.

మానిటర్ కంటే ముందు నా చెవికి తెలిసింది. బొంగురుగా, తొందర తొందరగా. ఆక్సిజన్ అంకె దిగడం మొదలైంది. "అమ్మా... లేపుండ్రి..." అంటూ ఆమె తల ఎత్తబోయింది. కన్ను తెరిచి ఉంది. కత్తి కంటి మీద ఉంది. పెద్దాయన చెయ్యి గాల్లోకి లేచింది, ఆ క్షణంలోనే చిన్నాయన తడి ప్యాడ్ కంటి మీద పెట్టి నుదురు పట్టుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. నేను బల్లను ఇంకా పైకి లేపాను, ఆక్సిజన్ పెంచాను, నీరు తీసే ఇంజెక్షన్ నరానికి ఇచ్చాను.

"ఆపేద్దామా?" అని నన్ను అడిగాడు పెద్దాయన. అన్నేళ్ళలో ఆయన నన్ను ప్రశ్న అడగడం అదే మొదలు.

"కాసేపు ఆగండి సార్. చెప్తాను."

అవతల ఆపితే సగం కోసిన కన్ను. ఇవతల సాగితే ఆగిపోయే గుండె. ఆమె చెవి దగ్గర వంగి, భుజం మీద చెయ్యి వేశాను. ఏదో ఒకటి మాట్లాడించాలి. మాట్లాడగలిగినంతసేపూ ఊపిరి ఉన్నట్టే.

"అమ్మా, ప్లాంటోళ్ళకు పప్పు ఎట్ల చేస్తవు?"

"ఏం... పప్పు..."

"నువ్వే చెప్పు."

"మామిడి... కాయ..." ఊపిరి. "కందిపప్పు... మెత్తగ..." మళ్ళీ ఊపిరి. "మెత్తగ ఉడకనియ్యొద్దు."

"ఎందుకు?"

"బిహారోళ్ళకు... పలుకు తగలాలె. మనోళ్ళకు మెత్తగుండాలె." ఊపిరికీ ఊపిరికీ మధ్య కాస్త ఎడం వచ్చింది. "గందుకని రెండు గిన్నెలల్ల పెడ్త."

"తాలింపు ఒక్కటేనా?"

"ఒక్కటేంది? మనోళ్ళకు ఎల్లిపాయ, ఎండుమిరపకాయ దంచి ఏస్త. వాళ్ళకు జీలకర్ర సాలు. అందరికి ఒక్కతీరు వండితె ఎవరన్న తింటరా డాక్టరమ్మా?"

ఒక్క ఊపిరిలో ఇంత పొడుగు మాట వచ్చింది. అంకె పైకి లేచింది. నేను పెద్దాయన వైపు చూసి తలూపాను. ఆయన మిగతా పని పూర్తి చేశాడు. చివరి కుట్టు పడేసరికి ఆమె చారు, పచ్చిపులుసు దాటి చేపల కూర మొదలుపెట్టింది. అంతసేపూ చిన్నాయన మోకాలు స్టూలు దగ్గర్నుంచి జరగలేదు. బయటికి వచ్చాక కుంటుతున్నాడు. ఏమైందని అడిగితే, "ఏం లేదండీ" అన్నాడు.

మర్నాడు కట్టు విప్పే వేళకు మిర్యాలగూడ నుంచి పెద్దాయన దిగాడు. ఆ రోజు ఆయన వారం కాదు. కోదాడ నుంచి చిన్నాయన కూడా దిగాడు. అది ఆయన వారం కూడా కాదు. ఇద్దరూ ఏదో పని మీద సూర్యాపేట వచ్చారట. కట్టు విప్పి, కన్ను తుడిచి, పెద్దాయన ఆమె ముందు చెయ్యి చాపాడు.

"ఎన్ని వేళ్ళమ్మా?"

ఆమె రెప్పలు కొట్టుకుంటూ చూసింది. వేళ్ళ వైపు చూడటం లేదు. ఇంకా కిందికి చూస్తున్నది. చూపు రాలేదనుకున్నాను.

"వేళ్ళ సంగతి కాదు సారు. అంగి గుండీలు తప్పు పెట్టుకున్నరు."

పెద్దాయన వంగి చూసుకున్నాడు. పైగుండీ రెండో కాజాలో ఉంది. ఎంత హడావిడిగా బయల్దేరాడో, దారంతా అలాగే వచ్చాడు. కోడలు ఏడుస్తూ నవ్వింది. చిన్నాయన ముందుకు వచ్చి, గురువుగారి చొక్కా గుండీలు విప్పి, మొదటి నుంచి మళ్ళీ పెట్టాడు. పెద్దాయన చిన్నపిల్లాడిలా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.

ఇంతటితో ఆపితే మంచి కథ అవుతుంది. కానీ నేను ఉద్యోగం చేశాను, కాబట్టి దీని తర్వాత ఒక మీటింగ్ ఉంది.

కమిటీ అధ్యక్షుడు చాలా సంతోషంగా ఉన్నాడు. ఏ సీసా లేకుండా ఆపరేషన్ అయిందని, కన్ను బాగయిందని ఆయన చెవిన పడింది. ఇంత కాలం మేము తేల్చలేని సంగతి ఆయన ఒక్క నిమిషంలో తేల్చేశాడు.

"అంటే రెండూ అక్కరలేదన్నట్టే గద! ఇగ బందుపెడదాం."

ఆ వార్త ఏ ఫోన్‌లో వెళ్ళిందో గానీ, సాయంత్రానికి దవాఖాన ముందు ఒక కారు ఆగింది. ఒకే కారు. అందులోంచి పెద్దాయన, చిన్నాయన దిగారు. నేరుగా అధ్యక్షుడి గదిలోకి వెళ్ళారు. నన్నూ పిలిచారు, సాక్ష్యానికి కాబోలు.

"ఉప్పు సీసా బందుపెడితే ఎట్లండి?" అని బల్ల గుద్దాడు పెద్దాయన. "కిడ్నీలు బాగలేనోళ్ళకు మానిటాల్ పెట్టొద్దు. వాళ్ళు వస్తే నేనేం పెట్టాలె?"

"మానిటాల్ లేకపోతే నేను కత్తి పట్టనండీ" అన్నాడు చిన్నాయన. "ఉప్పు అందరికీ పడదు. చెయ్యి మండుద్ది, నరాలు దెబ్బతింటాయి. మానిటాల్ అంటే ఎన్ని దశాబ్దాల అనుభవమండీ అది!"

నేను నోరు తెరవలేదు. కొన్ని అద్భుతాలను కదిలించకూడదు. అధ్యక్షుడు ఇద్దరినీ చూసి, ఇక లాభం లేదనుకొని, నా వైపు తిరిగాడు.

"సరే, రెండూ తెప్పిస్తం. కానీ డాక్టరమ్మా, ఆమెకు రెండు పనికిరావని మీకెట్ల తెలిసింది? దానికేం మిషన్ ఉన్నది?"

"మిషన్ లేదు సార్. ఎట్ల పండుకుంటవమ్మా అని అడిగిన. కూసొని, ఆమె చెప్పేదాక విన్న."

ఆయన మొహం విప్పారింది. వ్యాపారికి ఇంతకంటే శుభవార్త ఏముంటుంది? "గంతేనా! గట్లనె అందర్ని అడుగుండ్రి. దానికైతే ఖర్సు లేదు గద?"

"ఉన్నది సార్. టైం అయితది. రోజుకు చేసే ఆపరేషన్లు తగ్గించుకోవాలె."

ఆయన పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన చిన్నాయన వైపు చూశాడు. చిన్నాయన వాచీ చూసుకున్నాడు. తర్వాత టీ వచ్చింది.

ఆ మీటింగ్‌లో చక్కెర సీసా మంజూరైంది. ఉప్పు సీసా మంజూరైంది. టైం మంజూరు కాలేదు. నాకు తెలిసి ఏ దవాఖానలోనూ ఇంతవరకు కాలేదు. రిటైరయ్యేదాకా నేను దాన్ని దొంగతనంగానే వాడుకున్నాను. సర్జన్లు బయట చేతులు కడుక్కుంటున్నప్పుడు, టీ తాగుతున్నప్పుడు, ఒకరినొకరు తిట్టుకుంటున్నప్పుడు, మంచం పక్కన స్టూలు లాక్కొని కూర్చునేదాన్ని. మీకూ ఎవరూ ఇవ్వరు. దొంగిలించడం నేర్చుకోండి.